రాళ్ల కట్ట మీదికి, మొగ దగ్గరికి వేటకు వెళ్లే ముందు



సముద్రం ప్రాణాలు తీసింది అనగానే మనకు పెద్ద విపత్తులే గుర్తుకొస్తాయి. 1977 దివిసీమ ఉప్పెన, 1989 కావలి తుపాను, 2004 సునామీ గురించి మన తీరంలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. తుపాను వస్తుందంటే ఇప్పుడు రేడియో చెబుతుంది, టీవీ చెబుతుంది, ఫోనుకు సందేశం వస్తుంది, ఊళ్లో చాటింపు వేస్తారు. అందరం జాగ్రత్త పడతాం.

కానీ ఎండ కాస్తున్న మామూలు ఆదివారం నాడు గాలం పట్టుకొని రాళ్ల కట్ట చివరికి నడిచి వెళ్లే మనిషిని ఎవరూ హెచ్చరించరు. విసురు వల భుజాన వేసుకొని మొగ దాటి ఇసుక దిబ్బ మీదికి వెళ్లే కుర్రవాడికి ఏ చాటింపూ వినబడదు. అతను జారి పడితే ఆ ప్రమాదానికి పేరు ఉండదు. ఇంటివాళ్లకు మాత్రం అదే పెద్ద విపత్తు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. ఈ మరణాలు ఆపగలిగినవే అని గుర్తుచేయడానికి ఐక్యరాజ్య సమితి 2021 నుంచి జూలై 25ను నీటి మునక నివారణ దినంగా పాటిస్తోంది. ఈ పాఠంలో మనం నేర్చుకునేది మూడు విషయాలు. ప్రమాదం ఎక్కడ ఉంది? క్షేమంగా వెళ్లి క్షేమంగా రావడం ఎలా? మునిగినవారిని బయటికి తీశాక ఏం చేయాలి, ఏం చేయకూడదు?

మన తీరం ఎలాంటిది?

విశాఖపట్నం వైపు యారాడ, రుషికొండ, భీమునిపట్నం ప్రాంతాల్లో కొండలు సముద్రం దాకా వస్తాయి. అక్కడ కొండ కింద రాళ్ల మీద నిలబడి గాలం వేసేవారు ఉంటారు. మన నెల్లూరు తీరం అలాంటిది కాదు. రామాయపట్నం నుంచి తుమ్మలపెంట, ఇసకపల్లి, మైపాడు, కోడూరు మీదుగా కృష్ణపట్నం వరకు ఎక్కువగా ఇసుక ఒడ్డు, సరుగుడు తోటలే. అందుకే చాలామంది, "మనకు కొండలు లేవు, బండలు లేవు, మనకేం భయం?" అనుకుంటారు.

అయితే మన తీరంలోనూ రెండు రకాల గడ్డు చోట్లు ఉన్నాయి.

మొదటిది, మనిషి వేసిన రాళ్లు. రేవుల దగ్గర అలల దెబ్బను ఆపడానికి సముద్రంలోకి పొడుగ్గా రాళ్ల కట్టలు వేస్తారు. కృష్ణపట్నం, జువ్వలదిన్నె, రామాయపట్నం దగ్గర ఇవి ఉన్నాయి. రాళ్ల సందుల్లో చేపలు, పీతలు చేరతాయి కాబట్టి గాలం వేసేవాళ్ల కన్ను వాటి మీద పడుతుంది.

రెండవది, మొగలు. ఊటుకూరు దగ్గర పెన్నానది సముద్రంలో కలిసే చోటు, కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరు కలిసే చోటు, ఇంకా చిన్న చిన్న కాలువల మొగలు. నది నీరు, ఉప్పునీరు కలిసే చోట చేప బాగా పడుతుంది. ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ.

రేవు కట్టల మీదికి చాలాచోట్ల బయటివారికి అనుమతి ఉండదు. అనుమతి లేని చోటికి పోవద్దు. చాటుగా వెళ్లినవాడు పడిపోతే అతను అక్కడ ఉన్నాడని కూడా ఎవరికీ తెలియదు.

ప్రమాదం ఎలా వస్తుంది?

*1. అలలు అన్నీ ఒకేలా రావు.* పది నిమిషాలు చిన్న అలలు వచ్చి, ఆ తర్వాత వరసగా మూడు నాలుగు పెద్దవి రావచ్చు. వందల, వేల కిలోమీటర్ల అవతల వీచిన గాలికి పుట్టిన అలలు కొన్ని రోజులు ప్రయాణం చేసి మన ఒడ్డును తాకుతాయి. కాబట్టి ఆకాశం తేటగా ఉందనీ, ఇక్కడ గాలి లేదనీ సముద్రాన్ని నమ్మడానికి లేదు.

*2. తడి రాయి జారుతుంది.* రాయి నల్లగా, పచ్చగా, నిగనిగలాడుతూ ఉంటే దాని మీద పాచి ఉందని అర్థం. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ రాయి మీదికి అల వస్తూ పోతూ ఉంటుందని అర్థం. పొడిగా, తెల్లగా ఉన్న రాయి దాకే మీ హద్దు. రాళ్ల మీద అంటుకున్న గుల్లలు, ఆలిచిప్పలు కత్తుల్లా కోస్తాయి. కట్ట రాళ్ల మధ్య పెద్ద సందులు ఉంటాయి. కాలు ఇరుక్కుంటే అల వచ్చేలోగా తీసుకోవడం కష్టం.

*3. వెళ్లిన దారి తిరిగి వచ్చేసరికి ఉండదు.* మన సముద్రానికి రోజుకు సుమారు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి పాటుకూ మధ్య ఆరు గంటల చిల్లర. పాటు సమయంలో మోకాలి లోతులో దాటిన మొగ, పోటు ఎక్కేసరికి మెడలోతు అవుతుంది. వల, చేపల బుట్ట మోసుకుంటూ అలసిపోయిన మనిషి అదే దారి కదా అని దిగుతాడు. పోటు, పాటు వేళలు రోజుకు ముప్పావు గంట పైన వెనక్కు జరుగుతాయి. అందుకే నిన్నటి గంట నేటికి పనికిరాదు.

*4. మొగ కింద ఇసుక కదులుతుంది.* నిన్న గట్టిగా ఉన్న దిబ్బ నేడు గుంట కావచ్చు. పాటు సమయంలో ఏటి నీరంతా ఒక్కసారిగా సముద్రంలోకి లాగుతుంది. పెన్నాలో వరద ఉంటే ఆ లాగు ఎన్నో రెట్లు పెరుగుతుంది. 2021 నవంబరులో వచ్చిన పెన్నా వరదను నెల్లూరు జిల్లావారు మరచిపోరు. సోమశిల గేట్లు ఎత్తారని వింటే, మన ఊళ్లో చినుకు పడకపోయినా, మొగ జోలికి పోకూడదు.

*5. ఒడ్డు నుంచి లోపలికి లాగే నీరు.* అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఏదో ఒక సందు గుండా తిరిగి లోపలికి పోవాలి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం నిమ్మళంగా, ముదురు రంగులో, ఇసుక కలిసిన నీటితో కనబడితే అది దిగడానికి మంచి చోటు కాదు. లాగే నీరు ఉండేది అక్కడే. రాళ్ల కట్టల పక్కన ఇది తరచుగా ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం

ఇద్దరు అన్నదమ్ములు అనుకోండి. పొద్దున పాటు సమయంలో కట్ట చివరికి వెళ్లారు. రెండు గంటలు చేప పడలేదు. తమ్ముడు, "ఇంకో రెండు రాళ్లు కిందికి దిగితే పడుతుందన్నా" అన్నాడు. దిగాడు. చేప పడింది. ఆ సంతోషంలో సముద్రానికి వీపు పెట్టి చేపను గాలం నుంచి విడదీస్తున్నాడు. పెద్ద అల వచ్చింది. తమ్ముడు నీళ్లలో పడ్డాడు. అన్న వెంటనే దూకాడు. అన్నకు ఈత వచ్చు. కానీ చెరువులో ఈత వేరు, రాళ్ల మీద అల విరిగే చోట ఈత వేరు.

ఇక్కడ తప్పులు ఎన్నో మీరే లెక్కపెట్టండి. తడి రాయి మీదికి దిగడం, పోటు ఎక్కే వేళ అక్కడే ఉండడం, సముద్రానికి వీపు పెట్టడం, తాడు గాని డబ్బా గాని తీసుకుపోకపోవడం, చివరగా చేతిలో ఏమీ లేకుండా దూకడం. ఐదింటిలో ఏ ఒక్కటి సరిచేసుకున్నా కథ మారేది. ఒక ఇంట్లో రెండు దీపాలు ఆరిపోవడానికి చాలాసార్లు ఆ చివరి తప్పే కారణం.

ఎవరు వెళ్లకూడదు?

చేపల వేటకు ఆరోగ్యం కూడా ముఖ్యం. ఈ కింది వారు రాళ్ల మీదికి, మొగలోకి వెళ్లకపోవడమే మంచిది:

- మూర్ఛ వ్యాధి ఉన్నవారు. మందులు సరిగ్గా వాడుతున్నా ఒంటరిగా నీటి అంచుకు పోకూడదు.
- మద్యం తాగినవారు. తాగిన మనిషికి కాలు తూలుతుంది, చలి తెలియదు, భయం తెలియదు. భయం తెలియకపోవడమే అన్నిటికన్నా ప్రమాదం.
- గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు, కళ్లు తిరిగే మందులు వాడేవారు.
- షుగరు వ్యాధితో పాదాల్లో స్పర్శ తగ్గినవారు. గుల్ల కోసినా, ముల్లు దిగినా వీరికి తెలియదు. ఇంటికి వచ్చాక చెప్పు తీస్తేగాని రక్తం కనబడదు.
- పిల్లలు. "నాన్నతో వెళ్తాను" అని ఏడ్చినా సరే, రాళ్ల కట్ట పిల్లల చోటు కాదు.

బయలుదేరే ముందు

1. ఇంట్లో చెప్పండి. ఎక్కడికి, ఎవరితో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో మూడూ చెప్పాలి. చెప్పిన గంట దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా చెప్పాలి.
2. ఒంటరిగా పోవద్దు. ఇద్దరికన్నా ముగ్గురు మంచిది. ఒకరు పడితే ఒకరు డబ్బా విసరాలి, ఒకరు ఫోను చేయాలి.
3. వాతావరణం కనుక్కోండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది. మత్స్యశాఖవారూ, రేడియో, టీవీ వీటిని తెలియజేస్తాయి. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే, అది ఎన్నో నంబరైనా, ఆ రోజు రాళ్ల మీద మనకు పని లేదు. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. ఆ నెలల్లో రెట్టింపు జాగ్రత్త కావాలి.
4. పోటు ఎప్పుడు ఎక్కుతుందో పెద్దలను అడగండి. పాటులో వెళ్లి, పోటు ఎక్కకముందే తిరిగి రావాలి.
5. సామాను చూసుకోండి. లైఫ్ జాకెట్ ఉంటే తప్పక వేసుకోండి. మూత గట్టిగా బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఒకటి, దానికి కట్టిన 20 మీటర్ల తాడు ఒకటి తీసుకుపోండి. డబ్బాలో కొంచెం నీళ్లు పోస్తే దూరంగా విసరడానికి వీలవుతుంది. ఫోనును ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోండి. సాయంత్రం వేటైతే టార్చిలైటు కావాలి.
6. బట్టలు, చెప్పులు. తడిసిన లుంగీ కాళ్లకు చుట్టుకుంటుంది. నిక్కరు మంచిది. హవాయి చెప్పులు తడి రాయి మీద జారతాయి. ఒట్టి కాళ్లు కోసుకుంటాయి. అడుగున గరుకుగా ఉండి కాలికి గట్టిగా పట్టే బూట్లు వేసుకోండి. పొడుగు రబ్బరు బూట్లు వద్దు. వాటిలో నీరు నిండితే కాలు ఎత్తలేరు.

చేరుకున్న తర్వాత

- వెంటనే దిగవద్దు. పొడి చోట నిలబడి 20 నిమిషాలు అలలను చూడండి. ఆ సమయంలో వచ్చిన పెద్ద అల ఎక్కడి దాకా తడిపిందో గుర్తుపెట్టుకోండి. మీరు నిలబడే చోటు దానికి బాగా పైన ఉండాలి.
- నిలబడే ముందే తిరిగి వచ్చే దారి చూసుకోండి. "ఇక్కడినుంచి పడితే ఎటు ఈదాలి? ఎక్కడ ఒడ్డెక్కాలి?" అని ఒకరినొకరు అడగండి. జవాబు దొరకకపోతే ఆ చోటు మనది కాదు.
- మొగ దాటేటప్పుడు ముందు కర్రతో లోతు చూడండి. తొడ దాటిన లోతులో, పారే నీటిలో దిగవద్దు. దిబ్బ మీద ఉన్నంతసేపూ ఒక పుల్ల నీటి అంచున గుచ్చి ఉంచండి. నీరు పుల్లను దాటిందంటే చేపలు పడుతున్నా లేవాల్సిందే.
- సముద్రానికి వీపు పెట్టవద్దు. గాలానికి ఎర గుచ్చేటప్పుడు, చేప విడదీసేటప్పుడు వెనక్కి పొడి చోటికి రండి.
- విసురు వల తాడును మణికట్టుకు ముడి వేసుకునే అలవాటు ఉంది. లాగితే ఊడిపోయే ముడి వేసుకోండి. నడుముకు మాత్రం ఎప్పుడూ కట్టుకోవద్దు.
- పడిపోయిన గాలం, కొట్టుకుపోయిన వల, జారిన చెప్పు కోసం నీళ్లలోకి దిగవద్దు. వల మళ్లీ కొనుక్కోవచ్చు.
- ఉరుము వినబడితే వేట ఆపేయండి. బయలు ఒడ్డున పొడుగ్గా నిలబడిన మనిషి, చేతిలోని గాలం కర్ర పిడుగును పిలిచినట్టే.

విశాఖ వైపు బంధువుల ఇళ్లకు వెళ్లి కొండ కింద రాళ్ల మీద వేటకు దిగేవారికి ఇంకొక మాట. అక్కడి కొండరాయి చాలాచోట్ల ఎండకు, వానకు వదులై ఉంటుంది. వాన పడిన తర్వాత కొండ అంచున నడవవద్దు, అంచు కిందా కూర్చోవద్దు. కాలిబాట లేని చోట రాయి పట్టుకొని దిగవద్దు. దిగడం సులభం, ఎక్కడం కష్టం.

ఇతర దేశాల్లో కూడా ఇదే సమస్య ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో రాళ్ల మీద చేపలు పట్టేవారు అలలకు కొట్టుకుపోయి చనిపోతుంటే, 2016లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసింది. గుర్తించిన ప్రమాదపు చోట్లలో గాలం వేసేవారు లైఫ్ జాకెట్ తొడుక్కోవాల్సిందే. చాలా రాళ్ల దగ్గర విసరడానికి వీలుగా తేలే చక్రాలు కూడా తగిలించి ఉంచారు. మన ఊళ్లో ఆ పని ఒక పాత ట్యూబు, ఒక తాడుతో చేసుకోవచ్చు.

మీరే నీళ్లలో పడితే

భయపడి చేతులు కొట్టుకోవద్దు. చేతిలోని కర్ర, భుజాన ఉన్న సంచి వదిలేయండి. రాళ్ల దగ్గర అల విరుగుతుంటే వెంటనే రాళ్లు పట్టుకోవాలని చూడవద్దు. అల మిమ్మల్ని వాటికేసి కొడుతుంది. కొంచెం దూరం జరిగి, వెల్లకిలా తేలుతూ, ఊపిరి నిలుపుకోండి. చెయ్యి ఎత్తి కేక వేయండి. తర్వాత ఇసుక ఒడ్డు వైపు నిదానంగా ఈదండి. నీరు లోపలికి లాగుతుంటే దానికి ఎదురు ఈది అలసిపోవద్దు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే లాగుడు తగ్గుతుంది. అప్పుడు ఒడ్డుకు తిరగండి.

ఒడ్డున ఉన్నవారు ఏం చేయాలి?

ఈ నాలుగు మాటలు వరసగా గుర్తుపెట్టుకోండి: కేక వేయి, ఫోను చెయ్యి, విసురు, చూపు తిప్పకు.

కేక వేసి చుట్టుపక్కలవారిని పిలవండి. 112కు గాని 108కి గాని ఫోను చేయండి. సముద్రంలో ఆపద అయితే కోస్ట్ గార్డు నంబరు 1554. తాడు కట్టిన డబ్బా, ట్యూబు, థర్మాకోల్ పెట్టె, కర్ర, ఏది తేలితే అది విసరండి. ఒకరు మాత్రం మునుగుతున్న మనిషి మీదనుంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తూ నిలబడాలి. అలల్లో తల ఒకసారి కనబడకపోతే మళ్లీ వెతకడం కష్టం.

దూకవద్దు. ఇది చెప్పడం సులభమే, కళ్లముందు తమ్ముడు మునుగుతుంటే ఆగడం కష్టమే. అందుకే ముందుగానే ఇంట్లో మాట్లాడుకోండి. మునిగేవాడు దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. అది మీ మెడైతే ఇద్దరూ పోతారు, డబ్బా అయితే ఇద్దరూ మిగులుతారు. తప్పనిసరిగా దిగవలసి వస్తే తేలే వస్తువు పట్టుకొని, నడుముకు కట్టిన తాడు ఒడ్డున ఇద్దరు పట్టుకొని ఉండగా మాత్రమే దిగాలి.

బయటికి తీశాక చేయాల్సిన ప్రథమ చికిత్స

1. గట్టి చోట వెల్లకిలా పడుకోబెట్టండి. భుజం తట్టి పిలవండి. రాళ్ల మీద పడినవారైతే మెడను కదపకుండా, తల, ఒళ్లు ఒకే వరుసలో ఉంచి ఎత్తండి.
2. నుదుటిపై చెయ్యి పెట్టి తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం పైకి ఎత్తండి. ఊపిరి ఉందేమో 10 సెకన్లకు మించకుండా చూడండి. ఎప్పుడో ఒకసారి ఎగపోస్తుంటే అది ఊపిరి కాదు.
3. ఊపిరి లేకపోతే ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి, రొమ్ము పైకి లేచేలా గాలి ఊదండి. మొదట కనీసం 2 సార్లు, వీలైతే 5 సార్లు. మునిగినవారికి కావలసింది గాలి. నోట్లో నురగ వస్తుంటే దాన్ని తుడుస్తూ కాలం పోగొట్టవద్దు.
4. తర్వాత రొమ్ము మధ్య ఎముక మీద రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగం ఉండాలి. మళ్లీ 2 సార్లు గాలి, 30 సార్లు నొక్కడం. దీన్నే సీపీఆర్ అంటారు.
5. అంబులెన్స్ వచ్చేదాకా గాని, మనిషి కదిలేదాకా గాని ఆపవద్దు. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి.
6. వాంతి అయితే పక్కకు తిప్పి నోరు శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి.
7. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడి బట్టలు తీసి పొడి దుప్పటి కప్పండి.

మనిషి లేచి కూర్చుని "నాకేం లేదు" అన్నా ఆసుపత్రికి తీసుకురండి. ఊపిరితిత్తుల్లోకి నీరు పోయి ఉంటే దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత ముదరవచ్చు.

చేయకూడనివి

- కడుపు నొక్కి నీళ్లు కక్కించవద్దు. కడుపులోని నీళ్లు, తిండి పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
- తలకిందులుగా వేలాడదీయవద్దు, భుజాన వేసుకొని పరుగెత్తవద్దు, గుండ్రంగా తిప్పవద్దు. గాలి అందని మెదడు కొద్ది నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. ఆ నిమిషాలు ఈ పనులకే అయిపోతాయి.
- స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు, టీ, సారా ఏదీ పోయవద్దు.
- "ఉప్పునీళ్లు కదా, వేరే వైద్యం ఉండాలి" అనుకోవద్దు. ఉప్పునీరైనా మంచినీరైనా ప్రథమ చికిత్స ఒక్కటే.

చిన్న గాయమే అని వదిలేయవద్దు

గుల్ల కోసినా, జెల్ల ముల్లు గుచ్చుకున్నా వెంటనే శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో బాగా కడగండి. పసుపు, సున్నం, పొగాకు పెట్టి కట్టవద్దు. టేకు చేప తోక ముల్లు, జెల్ల ముల్లు విషపు ముళ్లు. ఆ కాలిని గాని చేతిని గాని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో గంట, గంటన్నర వరకు ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీళ్ల వేడిని ముందు గాయం లేని చేతితో చూడండి, కాలిపోకూడదు. ముల్లు రొమ్ములో, కడుపులో, మెడలో దిగితే పీకవద్దు. అలాగే ఆసుపత్రికి తీసుకురండి. లోతుగా దిగిన గాలాన్నీ మీరు లాగవద్దు. ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో చూసుకోండి.

షుగరు ఉన్నవారు, కాలేయం చెడినవారు సముద్రపు గాయాన్ని మరింత పట్టించుకోవాలి. ఉప్పునీళ్లలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు వీరికి ఒక్కరోజులోనే ప్రాణం మీదికి తెస్తాయి. గాయం చుట్టూ ఎర్రగా వాచి పాకుతున్నా, నల్లని బొబ్బలు లేచినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగవద్దు.

ఊరివారి బాధ్యత

ఒడ్డున ఉన్న ప్రతి పాలెంలో ఒక పని చేయవచ్చు. మొగ దగ్గర ఒక గుంజ పాతి, దానికి గాలి నింపిన ట్యూబు, పొడుగాటి తాడు తగిలించండి. పిల్లలు ఆడుకోవడానికి దాన్ని తీయకుండా ఒక పెద్దమనిషి చూసుకోవాలి. ఊళ్లో పదిమంది యువకులకు, పదిమంది ఆడవారికి సీపీఆర్ నేర్పించమని ఆసుపత్రివారిని అడగండి. ఆడవారిని ఎందుకంటారా? వేటకు వెళ్లినవారు తిరిగి వచ్చే వేళ ఒడ్డున ఎదురుచూసేది వారే కదా!

అమ్మలారా, అక్కలారా! ఇంటాయన గాని కొడుకు గాని బుట్ట అందుకున్నప్పుడు, "ఎన్నింటికి వస్తావు?" అని అడగండి. గొణిగినా సరే, జవాబు రాబట్టండి. ఖాళీ బుట్టతో వస్తే మాత్రం ఎగతాళి చేయవద్దు. "ఇంకో రెండు రాళ్లు కిందికి" అని మనిషిని దింపేది చాలాసార్లు ఆ ఎగతాళి భయమే.

గుర్తుంచుకోండి

- పొడి రాయి మనది, తడి రాయి సముద్రానిది.
- వెళ్లే దారి కన్నా వచ్చే దారి ముఖ్యం.
- దూకవద్దు, విసరండి.
- కడుపు నొక్కవద్దు, గాలి ఊదండి.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ఊరికి దగ్గరలో ఉన్న మొగ ఏది? పాటులో ఎంత లోతు, పోటులో ఎంత లోతు ఉంటుందో పెద్దలను అడిగి రాసుకోండి.
2. అన్నదమ్ముల ఉదాహరణలో అన్న ఏం చేసి ఉండవలసింది? వరసగా చెప్పండి.
3. మునిగిన మనిషిని తలకిందులుగా వేలాడదీయడం ఎందుకు తప్పు?
4. మీ ఇంట్లో మూర్ఛ, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు వేటకు వెళ్తున్నారా? వారికి ఈ పాఠం చదివి వినిపించారా?
5. 108, 112, 1554 ఈ మూడు నంబర్లు మీ ఇంటి గోడ మీద రాసి ఉన్నాయా? లేకపోతే ఈ పుస్తకం మూసే ముందే రాయండి.